కవర్ విప్పని దానం

"ఇంకా తీయలేదా తలుపు?"

మెట్లెక్కి వచ్చిన మల్లికార్జునరావు గారు ఆయాసపడుతూనే అడిగారు. జవాబు వచ్చేలోపే అసలు భయం బయటపెట్టేశారు. "లోపల కవర్లు గానీ చింపట్లేదు కదా?"

దేవుడి గది ముందు భార్య, కొడుకు, కోడలు ముగ్గురూ నిలబడి ఉన్నారు. వాళ్లు జవాబు చెప్పే అవసరం లేకపోయింది. లోపలి నుంచి పర్రుమని ప్లాస్టిక్ చిరిగిన చప్పుడు వినిపించింది.

"అయ్యో, అయ్యయ్యో!" అన్నారాయన.

పదో తరగతి పిల్ల ఒకతి లోపల గడియ పెట్టుకుని పిలిస్తే పలకడం లేదని ఆయా కిందికి వచ్చి చెప్పినప్పుడు ఆయన ఇంత కంగారుపడలేదు. "ఆకలేస్తే అదే వస్తుందిలే" అని, షామియానా వాళ్లతో బేరం పూర్తి చేసుకుని మరీ వచ్చారు.

"ఏవండీ, దీపం పెట్టే వేళయింది" అన్నారు సీతామహాలక్ష్మి గారు. "పొద్దుట్నుంచీ ఆ రిహార్సల్ దుమ్ములో తిరిగిన పిల్ల. కాళ్లు కడుక్కుందో లేదో, దేవుడి గదిలో తిష్ట వేసింది."

"దాన్ని లోపలికి పంపింది మీరే కదండీ అత్తయ్యగారూ" అంది గీత. "రేపటి సభకు దీపపు కుంది కావాలి, తెమ్మన్నారు."

"తెమ్మన్నాను. కూర్చోమన్నానా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో కింద బడి, పైన కాపురం అనే పద్ధతి కొత్తదేమీ కాదు. మల్లికార్జునరావు గారు దాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. కింది అంతస్తుల్లో పిల్లలు, పై అంతస్తులో ఆయన కుటుంబం, పిల్లల కోసం ట్రస్టు వాళ్లు పంపిన సరుకంతా ఆ కుటుంబం వారి దేవుడి గదిలో. అక్కడికి ఎలకలు రావట. పైగా దేవుడి కళ్ల ముందు ఉంటుందట. దేవుడు మాత్రం ఏం చూస్తాడు పాపం, జూన్ నెల నుంచి ఆయన కళ్లకు అట్టపెట్టెలు తప్ప ఏమీ ఆనడం లేదు.

ఆ ట్రస్టు సంగతి కొంచెం చెప్పుకోవాలి. బీద పిల్లల ఫీజు కడుతుంది. ఆ పైన యూనిఫాములకు ఇస్తుంది, కంప్యూటర్లకు ఇస్తుంది, చదువులో వెనకబడిన వాళ్లకు సాయంత్రం ఒక గంట విడిగా పాఠం చెప్పే పంతులు జీతానికి ఇస్తుంది. అన్నీ బడి తెరిచే వేళకే వచ్చేస్తాయి. పిల్లల చేతికి అందేది మాత్రం ఫిబ్రవరిలో, దాతల దినం నాడు, వేదిక మీద, కెమెరా ఎదురుగా. అంతవరకూ ట్రస్టు పిల్లలు వెలిసిపోయిన పాత బట్టల్లోనే తిరగాలి. కొత్త బట్టల్లో ఉన్న పిల్లకు కొత్త బట్టలిస్తే చూసేవాళ్లకు జాలి ఎలా పుడుతుంది?

జూన్‌లో కొలతలు తీసి కుట్టించిన బట్టలు ఫిబ్రవరికి ఎదిగే పిల్లలకు పట్టవన్న సంగతి ఇన్నేళ్లలో ఆ బడిలో ఒక్క పెద్దమనిషికీ తట్టలేదు. నిరుడు ఒక పిల్లవాడికి చొక్కా గుండీలు పట్టకపోతే, "చూశారా, మా స్కూల్లో పిల్లలు ఎంత బాగా ఎదుగుతారో!" అని మల్లికార్జునరావు గారి కొడుకు నాగార్జున మైకులోనే ఛలోక్తి విసిరాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

కంప్యూటర్లు ఆఫీసు గదిలో ఉన్నాయి. కవర్లు అలాగే ఉన్నాయి. సాయంత్రపు పాఠం పంతులు కూడా ఉన్నాడు, కాకపోతే ఆయన డబ్బులు కట్టగలిగిన వాళ్ల పిల్లలకు ఐఐటీ ఫౌండేషన్ చెబుతాడు. వెనకబడిన వాళ్లు ఆ గంటలో వెనక గదిలో కూర్చుని దాతల దినానికి కాగితం పూలు కత్తిరిస్తారు. లెక్కలు రాకపోయినా ఆ పిల్లలకు పూలు చేయడం మాత్రం చక్కగా వచ్చింది.

"స్వప్నా, బిడ్డా" అని గీత తలుపు తట్టింది. "నేను అత్తను. జర తల్పు తియ్యి."

లోపల ఇంకో కవర్ చిరిగింది.

స్వప్న గీతకు సొంత అన్న జగన్ కూతురు. ఆ బడిలోనే తెలుగు టీచరుగా చేరి, ఆ యజమాని కొడుకునే చేసుకున్న గీతకు పుట్టింటి నుంచి మిగిలిన మనుషులు ఈ ఇద్దరే. పెళ్లినాడే మల్లికార్జునరావు గారు నలుగురి ముందూ జగన్ భుజం మీద చెయ్యేసి, "మీ అమ్మాయిని మా స్కూల్లో వేసెయ్యవయ్యా, ఫీజు సంగతి నేను చూసుకుంటా" అన్నారు. ఆ మాటకు వియ్యాలవారంతా కళ్లొత్తుకున్నారు. ఆనాటి నుంచి జగన్ ఏ పండు కాలంలో ఆ పండు మోసుకొచ్చి ఈ ఇంట్లో దింపి పోతున్నాడు.

ఫీజు చూసుకున్నది ట్రస్టు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఏమిటో తెలియనివాళ్లు ఈ ఇంటికి వచ్చి చూసి నేర్చుకోవచ్చు.

"ఇంతకీ దానికి వచ్చిన కష్టమేంటమ్మా?" మల్లికార్జునరావు గారు కోడలి వైపు తిరిగారు. "రిహార్సల్‌లో మైకు ముందు బిగుసుకుపోయిందట. వెర్రిగా చూస్తూ నిలబడిందట. బాగా చెప్పే పిల్లనే కదా ఏరాం!"

"దానికి కష్టం కాదండీ మామయ్యగారూ. మా అన్న బతికే ఉన్నాడు."

"ఎవరు కాదన్నారు? నిండు నూరేళ్లూ ఉండాలి."

"మరి దానితో 'మా నాన్న లేడు' అని ఎందుకు చెప్పిస్తున్నారు?"

"నువ్వే కదమ్మా రాశావు ఆ ప్రసంగం?"



నిజమే. ప్రతి ఏడూ దాతల దినానికి ప్రసంగం రాసేది గీతే. తెలుగు టీచరు మరి. "ఈసారి తండ్రి లేని ఆడపిల్ల చెప్పినట్టు రాయి, కళ్లు చెమర్చాలి" అని మామగారు అడిగితే, వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసింది. రాస్తూ తనే కళ్లు తుడుచుకుంది. మొగుడికి చదివి వినిపించింది. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "సూపర్" అన్నాడు. ఎవరు చెబుతారు, ఎవరి నోట ఆ మాటలు పలికిస్తారు అని ఆవిడ అడగలేదు. ఏ తండ్రి లేని పిల్లో చెబుతుందిలే అనుకుంది. ఏ తండ్రి లేని పిల్ల అయినా ఫరవాలేదని కూడా అనుకుంది.

"దాని కోసం రాయలేదండీ" అంది చివరికి. "నిజంగా తండ్రి పోయిన పిల్లలున్నారు మన స్కూల్లోనే."

"వాళ్లకు నోరు తిరగదమ్మా. ఒకతి నత్తి, ఇంకొకతి ఏడుస్తుంది."

"ఏడవడమే కదా నాన్నగారూ మనకు కావాల్సింది?" నాగార్జున మొదటిసారి నోరు విప్పాడు. విప్పినందుకు తండ్రి చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాడు.

"ముందే ఏడిస్తే ఎలారా? చివర్లో ఏడవాలి" అన్నారు మల్లికార్జునరావు గారు, శిష్యుడికి కిటుకు చెబుతున్న గురువులా. తరువాత గొంతులో తేనె కలుపుకుని కోడలితో అన్నారు. "చూడమ్మా. దశరథుడి వేషం కట్టినాయన స్టేజీ మీద పోతాడు. ఇంటికెళ్లి శుభ్రంగా అన్నం తినడూ? ఇదీ అంతే. ఒక్క నిమిషం మాట."

"ఆ దశరథుడు పోయాడని ఎవరూ ఫీజులు కట్టరు కదండీ."

ఆయన ముఖం కొంచెం మారింది.

"అంటే?"

"తండ్రి లేని ఆడపిల్లలకైతే ట్రస్టు మొత్తం ఖర్చంతా పెట్టుకుంటుంది. మా అన్న ఉన్నాడంటే సగమే ఇస్తుంది. అందుకే అన్నను కాగితాల మీద చంపేశారు. మా అన్నకేమో మీ జేబులోంచి కడుతున్నానని చెప్పారు."

సీతామహాలక్ష్మి గారు దేవుడి గది గడప మీది ముగ్గును చూడడం మొదలుపెట్టారు. నాగార్జున కిటికీలోంచి కింద షామియానా కర్రలు పాతుతున్న వాళ్లను అంతకన్నా శ్రద్ధగా చూస్తున్నాడు. 

"నేను కడితేనేం, వాళ్లు కడితేనేం?" అన్నారు మల్లికార్జునరావు గారు. ఆయనకు సిగ్గు అనేది ఎప్పుడూ ఎక్కువసేపు నిలవదు. "అంతా నా చేతి మీదుగానే కదా వచ్చేది. చదువు వచ్చిందా లేదా? అది చూడు."

"దానికి సాయంత్రం లెక్కలు చెప్పించండి అని ఎన్నిసార్లు అడిగాను? పూలు చేయించారు."

"ఇప్పుడు లెక్కల సంగతి ఎందుకమ్మా?"

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. పేరు చూడగానే వెన్ను వంగింది.

"ఆఁ అమల మేడమ్, నమస్కారమండీ! అంతా సిద్ధమండీ... లేదండీ, ఈసారి అలా జరగదు. పోయినేడు ఆ పిల్ల నవ్వేసింది, చిన్న పిల్ల కదండీ... ఈసారి స్టోరీ చాలా బాగుందండీ. మీరు వీడియో వాళ్లను తెచ్చుకోవచ్చు. తండ్రి పండ్ల మార్కెట్లో పని చేసేవాడండీ. ఆఁ, పాపం, పోయాడు."

పోయాడు అన్నప్పుడు ఆయన గొంతు చక్కగా వణికింది. అలవాటైన గొంతు. అటువైపు ట్రస్టు అమల మేడమ్ గారు అయ్యో అని ఉంటారు. ఆవిడ మాత్రం తక్కువా? ఏడాదికి ఒక పూట వచ్చి, పిల్లల కన్నీళ్లు చూసి, వీడియో తీయించుకుని పోతారు. ఆ పిల్లలకు కూడికలు వచ్చాయా అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఏడ్చేవాళ్లు, ఏడిపించేవాళ్లు ఇద్దరూ దొరికాక చదువుతో ఎవరికి పని?

ఫోన్ పెట్టేసి ఆయన మామూలు మనిషి అయ్యారు.

"విన్నావుగా. రేపు సభలో ఆ పిల్ల మైకు ముందు ఉంటే సరే. లేదంటే టీసీ చేతిలో పెడతా. పబ్లిక్ పరీక్షల ముందు ఏ బడి చేర్చుకుంటుందో నేనూ చూస్తా."

"మన కోడలి మేనకోడలండీ అది" అన్నారు సీతామహాలక్ష్మి గారు నెమ్మదిగా.

"అందుకే ఇంత ఓపిగ్గా చెబుతున్నా."

అప్పుడు బెల్లు మోగింది.

తలుపు తీసిన ఆయా పక్కకు తప్పుకుంది. గుమ్మంలో జగన్. భుజం మీద గోనెసంచి. రిహార్సల్ ఉన్న రోజుల్లో కూతుర్ని బండి మీద బడంగ్‌పేట్ తీసుకుపోవడానికి ఈ వేళకు వస్తాడు. గీత ఆ సంగతే మరిచిపోయింది.

"నల్లగొండ బత్తాయిలు సార్" అని సంచిని చెప్పుల స్టాండు పక్కన జాగ్రత్తగా దింపాడు. "మార్కెట్ల ఇయ్యాలనే దిగినయి. రేపు సుట్టాలొస్తరు గదా, రసం తీస్తరని తెచ్చిన."

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ జగన్‌కు పని ఇంటి పక్కనే ఉన్నట్టుండేది. మార్కెట్ ఊరి బయటికి పోయాక తెల్లవారకముందే బండెక్కాలి. అయినా ఈ ఇంటికి సంచి తప్పలేదు. సంచి లోపలికి వచ్చేది. మనిషి మాత్రం ఎప్పుడూ చెప్పుల స్టాండు దగ్గరే ఆగిపోయేవాడు. అతను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాక, "అయ్యో, సోఫాలో కూర్చోవయ్యా" అనడం మల్లికార్జునరావు గారి మర్యాద. "పర్వలే సార్" అనడం జగన్ మర్యాద. చెల్లెలి మామను మామా అని పిలిచే ధైర్యం అతనికి ఎప్పుడూ రాలేదు. పిలవమని వాళ్లూ అనలేదు.

"ఏంది సార్, అందరు గట్ల నిలవడ్డరు?" జగన్ ఒక్కొక్కరి ముఖం చూశాడు. "ఎవరికన్న పానం బాగలేదా?"

"ఏం లేదు, ఏం లేదు" అన్నారు మల్లికార్జునరావు గారు. "అమ్మాయి లోపల కాస్త పూజ చేసుకుంటోంది."

లోపల కవర్ పర్రుమంది.

"మా స్వప్ననా?" జగన్ ముఖం వెలిగిపోయింది. "ఇంట్ల దండం పెట్టుమంటె పెట్టదు సార్! మీ ఇంటి సావాసం. మీరు జేసిన దానికి నేనేం జేసినా తక్కువనె. గీ కాలంల సొంత పిల్లలకె ఫీజులు కట్టుడు పరేషాన్ ఉంది, మీరు నా బిడ్డకు కడుతున్నరు."

"అదెంత మాటలే జగన్."

"గంతే అంటరు పెద్దోళ్లు. రేపు స్టేజి మీద మాట్లాడ్తదట గదా? దోస్తులందరికి జెప్పిన. మార్కెట్ల లీవు గూడ వెట్టిన. కొత్త అంగి కుట్టిచ్చుకున్న సార్."

గీత గోడకు ఆనుకుంది. అన్నా, పోదాం పా, ఇక్కడ ఒక్క నిమిషం ఉండొద్దు అని అరవాలనిపించింది. అరిస్తే టీసీ. అరవకపోతే రేపు పొద్దున కొత్త చొక్కా వేసుకుని వచ్చి తన చావు వార్త తనే వింటాడు. ఆవిడ అరవలేదు. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఎలా బతికిందో ఇప్పుడూ అలాగే నిలబడింది.

"జగన్, రేపు నువ్వు రాకపోయినా ఫరవాలేదయ్యా" అన్నారు మల్లికార్జునరావు గారు. "రద్దీగా ఉంటుంది. వీడియో పంపిస్తాం."

"అయ్యో, ఎట్ల రాకుంట సార్? నా బిడ్డ మాట్లాడుతుంటె!"

"అదే చెబుతున్నా, రద్దీ..."

గడియ తీసిన చప్పుడైంది.

దేవుడి గది తలుపు తెరుచుకుంది. స్వప్న రెండు చేతులతో ఇత్తడి కుంది పట్టుకుని బయటికి వచ్చింది. ఒంటి మీద కొత్త యూనిఫాం. చొక్కా చేతులు మణికట్టుకు బాగా పైనే ఆగిపోయాయి. భుజం దగ్గర కుట్టు పిగిలింది. పైజామా చీలమండలు దాటి చాలా పైకి ఉంది. ఆ పిల్ల వెనక, నేల నిండా చింపిన కవర్లు. దేవుడి పటాల ముందు, మడతలు విప్పిన కొత్త బట్టలు కుప్పగా.

"కుంది తెమ్మన్నరు గద మేడమ్" అంది సీతామహాలక్ష్మి గారితో. "తెచ్చిన."

"అన్నీ విప్పేసిందే!" మల్లికార్జునరావు గారు తల పట్టుకున్నారు. "నాగార్జునా, చూడరా! ఒక్క కవరు మిగల్చలేదు! రేపు మేడమ్ చేతికి ఏమిచ్చి ఇప్పించమంటావురా?"

"ఇస్త్రీ చేయించి మళ్లీ..." అన్నాడు నాగార్జున.

"కవర్లో? కవర్లు ఎక్కడి నుంచి తెస్తావు?"

జగన్‌కు ఏమీ అర్థం కాలేదు. కూతురి మీది పొట్టి బట్టలు చూస్తున్నాడు. "ఇదేంది బిడ్డా, ఎవరిది గీ డ్రెస్సు?"

"నాదే నాన్నా. పోయిన జూన్ల కొలత దీసి కుట్టిన్రు. రేపిస్తరట." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. లోపలే ఏడ్చి ముగించుకుని వచ్చినట్టుంది. "నాన్నా, రేపు నేను స్పీచ్ చెప్పాలె. నీకు ఒకసారి చెప్త. ఇంటవా?"

"స్వప్నా, వొద్దు" అంది గీత.

"ఎందుకొద్దు చెల్లె, చెప్పనీ" అన్నాడు జగన్, స్టూలు ముందుకు జరుపుకుని.

స్వప్న కుందిని నేల మీద పెట్టింది. రిహార్సల్‌లో నేర్పినట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

"గౌరవనీయులైన దాతలకు నమస్కారం. నా పేరు స్వప్న. మా నాన్న పండ్ల మార్కెట్‌లో పనిచేసేవారు. తెల్లవారకముందే వెళ్లేవారు. తిరిగి వచ్చేసరికి ఆయన చొక్కా నిండా బత్తాయి వాసన ఉండేది. గుమ్మంలోనే ఎదురెళ్లి ఆ జేబులో చెయ్యి పెట్టి వెతికేదాన్ని. దెబ్బతిన్న పండు ఒకటి ఎప్పుడూ ఉండేది. మంచివి అమ్మకానికి, దెబ్బతిన్నది నా బంగారానికి అనేవారు. ఇప్పుడు ఆ చొక్కా మేకుకు వేలాడుతోంది. జేబులో ఏమీ లేదు. నాన్న లేని ఆ ఇంటికి వెలుగై వచ్చిన దేవతలు మీరు."

ఒక్క తప్పూ లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. మల్లికార్జునరావు గారికి ఆ స్థితిలో కూడా, పిల్ల ఎంపిక తప్పు కాలేదని ఒక క్షణం అనిపించింది.

గీత మాత్రం ఇప్పుడే తను రాసింది విన్నది. చచ్చిపోయిన తండ్రి ఒకడు కావలసి వచ్చి, తనకు తెలిసిన ఒకే ఒక మంచి మనిషిని తెచ్చి పెట్టుకుంది. కలం కింద వాణ్ని చంపి, ఎంత బాగా వచ్చిందో అని తనే కళ్లు తుడుచుకుంది. మామగారు ఆ ప్రసంగం చదివి స్వప్నను ఏరారంటే, అందులో ఆయన తప్పు సగమే.

జగన్ కాసేపు తన చొక్కా జేబు వైపు చూసుకున్నాడు.

"సార్" అన్నాడు. "నేను ఎప్పుడు సచ్చిన సార్?"

"అబ్బే, అది మామూలు ప్రసంగమయ్యా. అందరికీ..."

"ఏ రోగమొచ్చి సచ్చిన? బండి మీద పోతుంటె లారీ గుద్దిందా?"

"నువ్వు అపార్థం చేసుకోకు. ట్రస్టు వాళ్ల రూల్ అది. తండ్రి లేని పిల్లలకు మొత్తం వాళ్లే కడతారు. నీ కూతురి చదువు కోసమే రాయించా. ఇప్పుడు నువ్వున్నావని తెలిస్తే సీటు పోతుంది. టీసీ ఇచ్చి పంపడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు."

"వాళ్లే కడ్తరా?" జగన్ నెమ్మదిగా అడిగాడు. "మరి మీరు?"

మల్లికార్జునరావు గారు సోఫాలో కూలబడ్డారు. ఏ ప్రశ్నకైనా జవాబుండే మనిషి, ఈ ఒక్క ప్రశ్నకు మంచినీళ్లు అడిగారు.

జగన్ చూపు చెప్పుల స్టాండు పక్కన ఉన్న గోనెసంచి మీదికి పోయింది. తరువాత చెల్లెలి మీదికి వచ్చింది.

"జేబుల చెయ్యి వెట్టింది స్వప్న గాదు గద చెల్లె" అన్నాడు. "అది పుట్టక ముందటి ముచ్చట. దెబ్బదిన్నది నా బంగారానికి అని నీకు గదా అన్న. గిది నువ్వు రాసినవా?"



"నేనే అన్నా."

"మంచిగ రాసినవ్" అన్నాడు జగన్. "నేను పోతె గింత ఏడుస్తవని నాకు ఎర్కలే."

కోపంగా అన్నా బాగుండేది. అతను కోపంగా అనలేదు.

లేచి వచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి సోఫాలో మల్లికార్జునరావు గారి పక్కనే కూర్చున్నాడు. మార్కెట్ దుమ్ము ఉన్న బట్టలతోనే, వెనక్కి ఆనుకుని మరీ కూర్చున్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"బిడ్డ సదువు ఆగొద్దంటె నేను సావాలె. గంతేనా మామా?"

మామా అన్న మాటకు ఆయన ఉలిక్కిపడ్డారు. "చావడమేంటయ్యా, ఊరికే మాట వరసకు..."

"సస్త. నాకేం బాధ లేదు. కని రేపు నేనొస్త. కొత్త అంగి ఏస్కొని, ముంగటి కుర్చీల కూసుంట. నా సావు ముచ్చట నా బిడ్డ నోట్లకెల్లి నేనే ఇంట. గా ట్రస్టు మేడమ్ పక్కపొంటి కుర్చీ ఎయ్యుండ్రి."

"గీతా!" మల్లికార్జునరావు గారి గొంతులో తేనె ఎండిపోయింది. "మీ అన్నకు చెప్పమ్మా! రేపు రావద్దని చెప్పు!"

"నేను చెప్ప" అంది స్వప్న.

అందరూ అటు తిరిగారు.

"గా స్పీచ్ నేను చెప్ప. మా నాన్న ఒప్పుకున్నా చెప్ప. టీసీ ఇస్తె ఇయ్యుండ్రి." పొట్టి చేతుల చొక్కాలోంచి బయటికి వచ్చిన ముంజేతులతో కుందిని మళ్లీ ఎత్తుకుని, గీత ఎదుటికి వచ్చి నిలబడింది. "అత్తా, రేపు మైకు పట్టుకొని మమ్ముల స్టేజి మీదికి పిలిచేది నువ్వే గద?"

గీత తల ఊపింది.

"నన్ను ఏమని పిలుస్తవ్? జగన్ బిడ్డ స్వప్న అనా, తండ్రి లేని స్వప్న అనా?"

కుంది బరువుగా ఉన్నా ఆ పిల్ల కిందికి దించలేదు. నాగార్జున కిటికీ దగ్గర నుంచి "గీతా, జాగ్రత్త" అన్నాడు, ఎవరి గురించో చెప్పకుండా. సోఫాలో ఇద్దరు మగవాళ్లు పక్కపక్కన కూర్చుని ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. సీతామహాలక్ష్మి గారు దీపం వేళ దాటిపోయిన సంగతి కూడా మరిచి, కోడలు ఏమంటుందా అని ఎదురుచూస్తున్నారు.